చీరల బీరువా, షెడ్యూల్ సీ

మొన్న డిసెంబరు సెలవుల్లో ఏం చేశావని ఆఫీసులో అడిగారు. ఒకళ్లు మంచుకొండల మీద జారి వచ్చారు, ఇంకొకళ్లు ఓడెక్కి దీవులు చూసి వచ్చారు. నేను మా జాయింటు ఖాతాలో 411 జెల్ పద్దులు చదివాను. ఇండియాలో ఉన్నవాళ్లు జెల్ అంటే ఇక్కడి ఫోన్‌పే అనుకోండి.

మా ఆవిడ చీరలమ్ముతుంది. న్యూజెర్సీలో మా అద్దె ఇంటి బేస్‌మెంటులో రెండు బీరువాలు, ఒక వాట్సాప్ గ్రూపు, ఏడాదికి నాలుగైదు మేళాల్లో ఒక బల్ల. అంతే దుకాణం. తనది తెనాలి. మంగళగిరి కూతవేటు దూరం కాబట్టి మొదట ఆ చీరలే తెప్పించింది. తర్వాత వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల్ వచ్చి చేరాయి. చీరతో పాటు వన్‌గ్రాము గోల్డు నగలు కొన్ని. ఇదంతా మొదలుపెట్టి మూడేళ్లు. ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అంటే "ఇంట్లోనే, టైంపాస్‌కి చీరలూ అవీ..." అని నేనే జవాబు చెప్పేవాణ్ణి. తను పక్కనే ఉన్నా సరే.

మొదటి రెండేళ్లు పన్నుల సంగతి ఏప్రిల్లో, అదీ చివరి వారంలో చూసేవాళ్లం. రిటర్న్ చేసిపెట్టే ఆయన ఫోన్లో రెండే ప్రశ్నలు అడిగేవాడు. ఎంత వచ్చింది, ఎంత పోయింది. నేను రెండు అంకెలు చెప్పేవాణ్ణి, ఆయన షెడ్యూల్ సీ అనే కాయితంలో వేసేవాడు. ఒంటిచేతి మీద నడిచే చిన్న వ్యాపారాల లాభనష్టాలన్నీ ఇంటి రిటర్న్‌కి తోకలా తగిలించే ఫారం అది. 2025లో అమ్మకాలు బాగా పెరిగాయి. ఈసారి ఆ పని నేనే, అదీ సంవత్సరం దాటకముందే చేద్దామనుకున్నాను. (నేను హెచ్‌వన్‌బీ మీద ఉన్నాను. తన వ్యాపారంలో నేను వేలు పెట్టకూడదు. బేరం చెయ్యను, బల్ల దగ్గర కూర్చోను. కానీ రిటర్న్ ఇద్దరిదీ ఉమ్మడిది, కింద సంతకం నాదీ ఉంటుంది. లెక్కల్లో కూర్చునే హక్కు ఆ సంతకంతో వచ్చింది.)

సరే, ఆ 411 పద్దులు. వాటిలో చీరల డబ్బు ఉంది, పిల్లల పుట్టినరోజు హాలుకి వేసుకున్న చందాలున్నాయి, పాట్‌లక్ లెక్కలున్నాయి, సత్యనారాయణ వ్రతానికి పూలు తెచ్చిపెట్టినందుకు ఎవరో పంపిన 32 డాలర్లున్నాయి. ఒక్కదానికీ సరైన మెమో లేదు. ఒకావిడ గుండె బొమ్మ పెట్టింది. ఒకావిడ "ఆ నీలంది" అని రాసింది. ఇంకొకావిడ ప్రతిసారీ "థాంక్యూ అక్కా" అనే రాస్తుంది, చీరకైనా సాంబారుపొడికైనా. నేను ఎక్సెల్లో వరుసలకి రంగులు వేసుకుంటూ పోయాను. ఎరుపంటే తెలియనివి. గంట తిరిగేసరికి షీటంతా సిందూరం పూసినట్టుంది.

మా ఆవిడ వంట చేస్తూనే అటునుంచి చెప్పడం మొదలుపెట్టింది. "మార్చి 9, 85 డాలర్లు?" అంటే "గంధం రంగు మంగళగిరి, నిజాం అంచు." "ఏప్రిల్ 2, 40?" అంటే "అది చీర కాదు, స్వాతి వాళ్ల బేబీ షవరు." "జూన్ 14, 60, మళ్లీ 21న 60?" "ఒకటే చీర, రెండు వాయిదాలు." నేను ఏ నెలది అడిగినా చీర రంగుతో సహా చెప్పింది. నేను మూడు నెలల క్రితం రాసిన కోడు నాకే గుర్తుండదు.

ఆ పూట నాకు అర్థమైన మొదటి సంగతి, ఖాతా వేరు చేసుకోకపోవడం ఎంత పెద్ద పొరపాటో. బ్యాంకులో ఇంకో ఖాతా తెరవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట బద్ధకించి రెండ్రోజులు పోగొట్టుకున్నాం. తనకి ఆ జ్ఞాపకశక్తి లేకపోతే ఈ లెక్క తేలేదే కాదు.

మనవాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది. జెల్‌లో వచ్చిన డబ్బు ప్రభుత్వానికి తెలియదు, కాబట్టి చూపించక్కర్లేదు అని. మొదటి సగం కొంతవరకు నిజం. జెల్ వాళ్లు 1099-కే అనే కాయితం పంపరు. రెండో సగం శుద్ధ తప్పు. కాయితం రావడం, రాకపోవడం వేరు. ఆదాయం కావడం, కాకపోవడం వేరు. నగదుగా చేతికిచ్చినా అది ఆదాయమే. మేళాల్లో కార్డు గీసే యంత్రం వాళ్లయితే ఆ కాయితం పంపుతారు. దాని హద్దు కొన్నేళ్లుగా ఉయ్యాలలా ఊగింది. 600 అన్నారు, వాయిదా వేశారు, 5,000 అన్నారు. చివరికి 2025 జులై 4న సంతకమైన చట్టం పాత హద్దునే మళ్లీ తెచ్చింది. 20,000 డాలర్లు దాటాలి, లావాదేవీలు 200 దాటాలి. అమ్మయ్య అనుకుంటే మా న్యూజెర్సీ హద్దు 1,000 డాలర్లే. ఆ కాయితం మీద ఉండే అంకె మొత్తం గీసిన డబ్బు. యంత్రం వాళ్లు కోసుకున్న రుసుము, వెనక్కిచ్చిన చీరల డబ్బు, వసూలు చేసిన అమ్మకపు పన్ను ఏవీ అందులోంచి తీసెయ్యరు. బ్యాంకులో పడిన అంకె చూసి ఆదాయం రాసుకుంటే ఆ రెండూ కలవవు. కలవకపోతే ఉత్తరం వస్తుంది. అందుకని మొత్తం ఆదాయంలో రాసి, రుసుము ఖర్చులో రాయాలి.

అరువు సంగతి ఇంకో తమాషా. రెండేళ్లుగా 240 డాలర్లు ఇవ్వని స్నేహితురాలు ఒకావిడ ఉంది. ఆ నష్టాన్నయినా ఖర్చులో రాద్దామని ఉత్సాహపడ్డాను. కుదరదు. మాది చేతికొచ్చినప్పుడే ఆదాయం అనుకునే లెక్క. రాని డబ్బుని ఆదాయంగా ఎప్పుడూ చూపించలేదు కాబట్టి పోయిందని చూపించడానికీ లేదు. చీర కొన్న ఖరీదు మాత్రం ఖర్చులోకి వెళ్తుంది. "ఆవిడ ఆ చీర కట్టుకునే ప్రతి ఫొటో నాకు పంపిస్తుంది, తెలుసా?" అంది మా ఆవిడ.

31 రాత్రి సరుకు లెక్క. ఊళ్లో వాళ్లు టీవీలో టైమ్స్ స్క్వేర్ చూస్తూ ఉన్నారు. మేం బేస్‌మెంటులో దుప్పటి పరిచి చీరలన్నీ దింపాం. ఈ లెక్క ఎందుకంటే, కొన్న సరుకంతా ఆ ఏటి ఖర్చు కాదు. మేం పాటించే పద్ధతిలో అమ్ముడుపోయిన చీర ఖరీదే ఖర్చు. అమ్ముడుపోనిది బీరువాలో ఉన్నంతకాలం ఆస్తి. ఏడాది మొదట్లో ఉన్న సరుకుకి కొన్నది కలిపి, చివర మిగిలినది తీసేస్తే ఎంత సరుకు పోయిందో తేలుతుంది. నాకిది డిసెంబరు దాకా తెలియదు. తనకి చిన్నప్పుడే తెలుసు. వాళ్ల నాన్నగారికి తెనాలిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. మార్చి నెలాఖరున రాత్రంతా పప్పుల డబ్బాలు తూచి, చిట్టా ఆవర్జా రెండూ ముందేసుకుని కూర్చునేవారట. తనని పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు చదివించేవారట. "ఏట్లో పారేసినా ఎంచి పారెయ్యాలి అనేవారు నాన్న" అంది ఒక కట్ట విప్పుతూ.

2024 డిసెంబరు 31న కూడా తను ఇలాగే లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకుందని అప్పుడు బయటపడింది. 4,200 డాలర్లు. పోయినేడు నేను ఫోన్లో చెప్పిన రెండు అంకెల్లో ఒకటి ఆ పుస్తకంలోంచే వచ్చిందన్నమాట. నాకు మాత్రం అది నేనే లెక్కగట్టినట్టు గుర్తు.

ఖరీదు కట్టడంలో ఈసారి కొత్త చిక్కొచ్చింది. ఆగస్టు దాకా వాళ్ల అన్నయ్య నెలకొక పార్సెలు పంపేవాడు. 800 డాలర్లలోపు సరుకుకి సుంకం లేదు. ఆగస్టు 27 నుంచి మన దేశపు సరుకు మీద అదనపు సుంకం 50 శాతం అయింది. 29 నుంచి ఆ 800 మినహాయింపూ పోయింది. మన తపాలా శాఖ అంతకు ముందే, 25 నుంచి అమెరికా పార్సెళ్లు చాలావరకు ఆపేసింది. దసరా అక్టోబరు 2, దీపావళి 20. ఏడాది మొత్తంలో అమ్మకాలు జరిగేదే ఆ ఆరు వారాలు. కొరియరులో రెండు పార్సెళ్లు తెప్పించుకుంది. సుంకమే 900 డాలర్లు దాటింది. నేను దాన్ని "పన్నులు" అనే ఖర్చు కింద వేశాను. అది తప్పని తర్వాత చదివి తెలుసుకున్నాను. సరుకు గుమ్మం చేరేదాకా అయిన సుంకం, రవాణా చీర ఖరీదులోనే కలవాలి. అంటే ఆ పార్సెలులో వచ్చి ఇంకా అమ్ముడుపోని ఉప్పాడ చీర, తన వంతు సుంకాన్ని మోసుకుని 2026లోకి వెళ్తుంది. సుంకానికి ముందు వచ్చిన చీరకో ఖరీదు, తర్వాత వచ్చినదానికో ఖరీదు. రెండూ ఒకే మగ్గం మీద నేసినట్టుంటాయి. తను వేరు పట్టడానికి తర్వాత వచ్చిన వాటికి పసుపు దారం కట్టింది.

పన్నెండు దాటాక తేలింది, మిగిలిన సరుకు 6,300.

అక్కడితో అయిపోలేదు. తన నోటుపుస్తకంలో చివరి పేజీకి "మనవి" అని పేరుంది. మా అక్కకి గద్వాల్. మా అమ్మకి వెంకటగిరి రెండు. మా పిన్ని కూతురి పెళ్లికి పట్టు. వరలక్ష్మీ వ్రతానికి వాయనం జాకెట్టు ముక్కలు పదహారు. తను ఉంచుకున్న ఉప్పాడ ఒకటి. మొత్తం కొన్న ధరకే 860 డాలర్లు. నేను ఎప్పుడూ "ఒక చీర తియ్యి, అక్కకి పంపుదాం" అనేవాణ్ణి. అవి ఎక్కడినుంచి వస్తున్నాయో ఆలోచించలేదు. షెడ్యూల్ సీలో 36వ గీత అచ్చంగా దీని గురించే. కొన్న సరుకులోంచి ఇంటికి వాడుకున్నది తీసేసి రాయమంటుంది. ఆ గీత రాసినవాడి ఇంట్లోనూ ఎవరో ఒక అక్క ఉండి ఉంటుంది.

ఇంక ఖర్చులు. ఇక్కడ నా తెలివితేటలు బయటికొచ్చాయి. జనవరి 3న కూర్చుని నా పద్ధతిలో ఒక లెక్క తయారుచేశాను. బేస్‌మెంటు మొత్తం ఆఫీసని చూపించాను. సులువు పద్ధతిలో చదరపు అడుగుకి 5 డాలర్లు, 300 అడుగుల దాకా. అంటే 1,500. కారు మైళ్లు 3,600 వేశాను. 2025కి మైలుకి 70 సెంట్లు. ఫోను, ఇంటర్నెట్ బిల్లులు మొత్తం వేశాను. "మనవి" పేజీ వదిలేశాను. అమ్మకాలు 29,400 ఉన్నా లాభం 4,040కి దిగింది. ఎంతో కష్టమైన బగ్గు పట్టుకున్నట్టు మురిసిపోయి తనకి చూపించాను.

ఒక స్నేహితుడు ఇంకా ముందుకెళ్లి, నెలాఖరులోపు ఒక మంచి లాప్‌టాప్ కొనెయ్యమని సలహా ఇచ్చాడు, ఖర్చు చూపించొచ్చని. కావలసినది ఎలాగూ కొంటుంటే సరే. పన్ను తగ్గుతుందని అక్కర్లేనిది కొనడం, రూపాయి మిగల్చడానికి మూడు రూపాయలు పారెయ్యడం. ఆ మాత్రం తెలిసింది కాబట్టి నేను తెలివైనవాణ్ణే అనుకున్నాను.

తను షీటు చూసి ఒక్కొక్క వరుసకీ వచ్చింది.

"బేస్‌మెంటు మొత్తం ఆఫీసా? అత్తయ్య, మామయ్య ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కడ పడుకున్నారు?"

నిజమే. ఆఫీసని చూపించాలంటే ఆ చోటుని వ్యాపారానికి తప్ప ఇంక దేనికీ వాడకూడదు. మినహాయింపల్లా సరుకు దాచుకునే చోటుకి ఉంది. వ్యాపారానికి ఇల్లు తప్ప వేరే చోటు లేకపోతే, విడిగా కనిపించే ఆ మూల వరకు చూపించుకోవచ్చు. బీరువాలున్న మూల కొలిస్తే 40 అడుగులు. 200 డాలర్లు.

"మైళ్లు 3,600 ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"మేళాలు, పోస్టాఫీసు, అంతా కలిపి ఉజ్జాయింపుగా..."

"1,900. తేదీ, ఎక్కడికి, ఎందుకు, అన్నీ రాసి పెట్టాను. కూరగాయలకి వెళ్తూ దారిలో చీర ఇచ్చొస్తే అది కూరగాయల ప్రయాణమే."

ఫోను కూడా వాడిన మేరకే ఉంచింది. "మనవి" పేజీ తిరిగి లెక్కలోకి వచ్చింది. అన్నీ సర్దాక అమ్ముడైన సరుకు ఖరీదు 14,940, మిగతా ఖర్చులు 6,170. లాభం 8,290.

"దీనికి ఎంత కట్టాలి?"

"ఆదాయపు పన్ను కాక, సొంత వ్యాపారం పన్ను 15.3 శాతం. ఉద్యోగంలో అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ సగం కంపెనీ కడుతుంది, ఇక్కడ రెండు సగాలూ మనమే. లాభంలో 92.35 శాతం మీద వేస్తారు. 1,171 డాలర్లు. నా లెక్కలో అయితే 571." అరవై శాతం తేడా కాదు, రెట్టింపు అని కూడా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటా.

తను ఫోను తీసి సోషల్ సెక్యూరిటీ వాళ్ల సైటులో తన పేరుమీద ఉన్న ఖాతా తెరిచింది. అలాంటిది ఒకటి తెరిచిందని నాకు తెలియదు. ఏడాది పక్కన ఆ ఏడు ప్రభుత్వం దగ్గర నమోదైన సంపాదన ఉంటుంది అందులో. నా దాంట్లో వరుసగా అంకెలుంటాయి. తన దాంట్లో మొత్తం రెండే వరుసల్లో అంకెలున్నాయి, 2023, 2024. తను 2016లో వచ్చింది. హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఈసీఈ పట్టా పెట్టెలో పెట్టుకుని వచ్చింది. హెచ్‌ఫోర్ మీద పని చెయ్యడానికి వీల్లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరే ఉండదు. నా గ్రీన్‌కార్డు ఫైలు ఒక మెట్టు ఎక్కాక 2023లో తనకి ఈఏడీ కార్డు వచ్చింది. కార్డు వెంట నంబరు వచ్చింది. నంబరు వచ్చిన నెలలోనే మొదటి పార్సెలు తెప్పించింది.

"మూడు క్రెడిట్లు ఉన్నాయి నాకు" అంది. "నలభై కావాలి."

క్రెడిట్ల సంగతి నాకు పైపైన తెలుసు. పింఛనుకి అర్హత రావాలంటే నలభై ఉండాలి. ఏడాదికి నాలుగుకి మించి రావు. 2025లో 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్, 7,240 చేరితే నాలుగూ వస్తాయి. వ్యాపారానికైతే పన్ను లెక్కకట్టే ఆ 92.35 శాతమే సంపాదన. తన 8,290 మీద అది 7,656. నాలుగు క్రెడిట్లు. నా 4,040 మీద 3,731. రెండు. హైదరాబాదులో చేసిన నాలుగేళ్లు, అక్కడ కట్టిన పీఎఫ్ ఇక్కడ లెక్కలోకి రావు. రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు.

"నాకు నలభై ఎప్పుడో దాటాయి కదా. నా మీద నీకు సగం వస్తుంది" అన్నాను. నిజానికి అది ధైర్యం చెప్పడానికే అన్నాను.

"నీ మీద వచ్చేది నీది. ఇది నాది" అంది.

తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నేను షీటులో నా ట్యాబు తీసేశాను. పన్నెండేళ్ల అనుభవంలో నేను సంతోషంగా డిలీట్ చేసిన ట్యాబులు తక్కువ. అది అలాంటిది కాదు. సిగ్గుగా తీసేశాను.

మర్నాడు ఒక సీపీఏతో మాట్లాడి ఒక అనుమానం తీర్చుకున్నాను. క్రెడిట్ల కోసమని ఉన్న ఖర్చులు వదిలేసి లాభం పెంచి చూపించొచ్చా అని. కుదరదన్నాడు. చూపించాల్సిన ఖర్చులన్నీ చూపించాల్సిందే, అటూ ఇటూ లాగకూడదు. తన పుస్తకంలో ఉన్నది ఎటూ లాగని లెక్కే కాబట్టి మాకా బాధ లేకపోయింది. కానీ 2026 సంగతి చెప్పలేం. తన కార్డు గడువు సెప్టెంబరు దాకా. ఇంతకుముందు గడువులోపు అర్జీ పెట్టుకుంటే కొత్తది వచ్చేదాకా పాతది దానంతటదే పొడిగింపులో ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే అర్జీలకి అది తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే, సరిగ్గా దసరాకి ముందు బీరువాకి తాళం వెయ్యాలి. అందుకే సంక్రాంతికీ ఉగాదికీ ఎక్కువ తెప్పిస్తోంది. ఏడాదిలో ఏ నెలలో సంపాదించినా క్రెడిట్లు నాలుగే కదా.

మిగతావి త్వరగానే అయ్యాయి. న్యూజెర్సీలో బట్టల మీద అమ్మకపు పన్ను లేదు, చీరకి బెంగ లేదు. నగలకి మాత్రం 6.625 శాతం ఉంది. 2,100 డాలర్ల నగలకి 139. మొదటి రెండు మేళాల్లో వసూలు చెయ్యడం మర్చిపోయింది, అది చేతినుంచి పెట్టుకుంది. చివరి మూడు నెలల ఫారం జనవరి 20లోపు. ఏడాది మధ్యలో కట్టాల్సిన వాయిదాల పన్ను మేం కట్టలేదు. డిసెంబరులో వచ్చే నా చివరి రెండు జీతాల్లో ఎక్కువ కోత పెట్టమని డబ్ల్యూ-4 మార్చాను. జీతంలో కోత ఎప్పుడు పడినా ఏడాది పొడుగునా సమానంగా కట్టినట్టే లెక్కిస్తారు. ఆలస్యంగా మేలుకున్న భర్తలకి ఇది బాగా పనికొస్తుంది.

చివరికి మిగిలింది ఆంటీగారు.

మా వీధికి రెండు వీధుల అవతల ఒకావిడ ఉంటారు. అరవై దాటాయి. కొడుకు గ్రీన్‌కార్డు తెప్పించాడు. చీరలకి ఫాల్, పికో, జాకెట్లు కుట్టిపెడతారు. 2025లో మా ఆవిడ ఆవిడకిచ్చినది 1,140 డాలర్లు. 600 దాటింది కాబట్టి 1099-ఎన్‌ఈసీ ఇవ్వాలి. (2026లో చేసే చెల్లింపులకి ఆ హద్దు 2,000 అయింది. ఈ ఏటికి మాత్రం పాతదే.) అది ఇవ్వాలంటే ముందు డబ్ల్యూ-9 మీద ఆవిడ పేరు, నంబరు తీసుకోవాలి. పని ఇచ్చిన మొదటి రోజే తీసుకోవాల్సినది, జనవరిలో అడగడానికి వెళ్లాం.

కాయితం చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది. "నా పేరు గవర్నమెంటుకి దేనికమ్మా? నేనేదో కాలక్షేపానికి కుట్టుకుంటున్నాను. మా అబ్బాయికేమన్నా ఇబ్బందవుతుందేమో. పోనీ ఆ డబ్బు నువ్వు నాకివ్వలేదనుకో."

కాలక్షేపం అన్న మాట వినగానే నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మా ఆవిడ తొందరపెట్టలేదు. కాఫీ తాగింది. "ఇంకా ఎవరెవరికి కుడతారాంటీ?" అని అడిగింది. ఆవిడ వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టారు. డాన్స్ క్లాసు పిల్లల లంగాలు, గుడి దగ్గర వాళ్ల జాకెట్లు, పెళ్లిళ్ల సీజను. మా ఆవిడ అక్కడే ఒక కవరు వెనకాల కూడింది. ఏడాదికి 9,000 పైన వస్తున్నాయి. దారం, లైనింగు, మిషను రిపేరు పోగా కూడా 7,840 దాటుతుంది. అంటే నాలుగు క్రెడిట్లు.

"నాకు అరవై ఒకటమ్మా. ఇంక పదేళ్లు కుడతానా?"

"మీ ఇష్టం ఆంటీ. కుట్టినంతకాలం మీ పేరుమీద పడుతుంది. మెడికేర్‌లో ఆస్పత్రి భాగం ప్రీమియం లేకుండా రావాలన్నా ఆ నలభయ్యే కావాలి. అంకుల్‌గారికి లేవు కదా, అంటే మీవే చూస్తారు." పన్ను కట్టాల్సి వస్తుందనీ, ఎంత వస్తుందో కూడా దాచకుండా చెప్పింది. ఆవిడ ఆ అంకె విని "అమ్మో" అన్నారు. సంతకం పెట్టలేదు. మేం లేచి వచ్చేశాం. దారిలో నేను, ఇవ్వకపోతే ఏం చెయ్యాలో అడిగాను. "అడిగినట్టు రాసి పెట్టుకుని, నంబరు లేకుండానే ఫారం పంపాలి. రూలు ప్రకారం ఇంకముందు ఇచ్చే డబ్బులో కొంత పట్టుకుని వాళ్లకి కట్టాలి. ఆవిడ దగ్గర అలా పట్టుకోవడం నావల్ల కాదు. వేరే వాళ్లని చూసుకోవాలి" అంది. వేరే వాళ్లెవరూ అంత సన్నగా పికో చెయ్యరని మా ఇద్దరికీ తెలుసు.

సంక్రాంతి మర్నాడు ఆంటీగారి కొడుకు ఫోన్ చేశాడు. కొంచెం చిరాగ్గానే మొదలుపెట్టాడు, ఎందుకండీ పెద్దావిణ్ణి వీటిలోకి లాగుతారని. మా ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి కవరు వెనకాల అంకెలన్నీ మళ్లీ చదివింది. అటునుంచి చాలాసేపు ఏం వినపడలేదు. "అమ్మకి ఏడాదికి తొమ్మిదివేలు వస్తున్నాయా?" అన్నాడు చివరికి. ఒకే ఇంట్లో ఉంటున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడే కాయితం పట్టుకుని వచ్చారు. అరిసెలు కూడా తెచ్చారు. నంబరు కార్డు చీర కొంగున ముడేసి తెచ్చుకుని, విప్పి, అంకె అంకె చదివి రాయించారు. ఈ ఏడు జనవరి 31 శనివారం పడింది, గడువు ఫిబ్రవరి 2. మా ఆవిడ 20వ తేదీకే పంపేసింది, ఆవిడ ప్రతి చేతికిచ్చి వచ్చింది. కొత్త బ్యాంకు ఖాతా కూడా ఆ వారమే తెరిచింది.

నిన్న ఆంటీగారు మళ్లీ ఫోన్ చేశారు.

"ఈ కాయితం దాచుకోవాలా అమ్మా, పారెయ్యాలా?"

"దాచుకోండాంటీ. మిగతావాళ్లవి కూడా రాసి పెట్టుకోండి. నేను ఆదివారం వస్తాను, నోటుపుస్తకం కొనుక్కొస్తాను."